కిడ్నీ జబ్బు, కంపెనీ దానం: ఉద్దానంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఎవరివి?

నాది సోంపేట వైపు చిన్న జిరాక్సు షాపు. ల్యామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు, అర్జీల టైపింగ్ కూడా చేస్తాను. ఉద్దానంలో జిరాక్సు షాపు పెట్టినవాడికి ఏ చదువూ లేకపోయినా కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, అదే సీరం క్రియాటినిన్, అంకె చూడగానే సంగతి తెలిసిపోతుంది. 1.2 లోపల ఉంటే కాగితం తెచ్చినవాళ్ల ముఖంలోనే తెలుస్తుంది. 4 దాటితే నేను తల ఎత్తకుండా కాపీలు తీసి ఇచ్చేస్తాను. పింఛను దరఖాస్తులు, ఆరోగ్యశ్రీ కాగితాలు, డయాలసిస్ రికార్డులు నా గాజు పలక మీదుగానే పోతాయి. ఇవి కాక ఊళ్లలోని కుర్రాళ్ల సంఘాలు కంపెనీలకు రాసే సాయం ఉత్తరాలు కూడా నేనే టైపు చేస్తాను. ఆ టైపింగు మధ్యలో అందరూ అడిగే ప్రశ్నలే ఇవి. సమాధానాలు నావి. కొన్నింటికి మా ఊరివాళ్లే ఒప్పుకోరు.

అసలు ఉద్దానం గొడవ ఏమిటి? బయటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం వైపున్న పట్టీ ఇది. కొబ్బరి, జీడి, పనస తోటలు. చూస్తే కోనసీమ అనుకుంటారు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా, అందులోనూ కష్టం చేసుకునేవాళ్లకు, కిడ్నీలు మెల్లగా దెబ్బతింటాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. ఎండలో పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం, తాగే నీళ్లలోని ఖనిజాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. రుజువు ఒక్కదానికీ లేదు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. కారణం తెలియని జబ్బుకి సాయం చేస్తామని వచ్చేవాళ్లు తమకు తోచింది ఏదైనా చేసి వెళ్లొచ్చు. ఎవరూ తప్పు పట్టలేరు.

కంపెనీలు చేసేదంతా సీఎస్ఆరేనా?

కాదు. మా ఊళ్లో మాత్రం కంపెనీ పేరున్న ప్రతి బ్యానరునీ సీఎస్ఆర్ అనేస్తారు. చట్టం అలా అనదు. కంపెనీ పేరుతో జరిగేవి మూడు రకాలు. మొదటిది అసలు సీఎస్ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత కింద చట్టం పెట్టించే ఖర్చు.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అంటే సగటున 50 కోట్లు లాభం వచ్చే కంపెనీ ఏడాదికి కోటి రూపాయలు తీయాలి. వైద్యం, మంచినీళ్లు ఆ పనుల జాబితాలో ఉన్నాయి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షను చెబుతుంది.

రెండోది అమ్మకానికి ముడిపెట్టిన దానం. "ఈ ప్యాకెట్టు కొంటే ఒక రూపాయి రోగులకు" అనే రకం. మూడోది స్పాన్సర్‌షిప్పు, అంటే పరుగులు, టీషర్టులు, సెలబ్రిటీ వచ్చి రిబ్బను కట్ చేయడం. తమ సరుకు ప్రచారానికి పనికొచ్చే స్పాన్సర్‌షిప్పు ఖర్చు సీఎస్ఆర్ కిందకి రాదని నిబంధనల్లోనే ఉంది. మారథాన్లు, అవార్డులు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్పు లాంటి ఒక్కరోజు పనులను లెక్కలో చూపకూడదని 2014 జూన్‌లో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సర్క్యులర్ కూడా ఇచ్చింది.

కాబట్టి మీ ఊళ్లో "కిడ్నీ కోసం పరుగు" పెట్టి, "మా సీఎస్ఆర్‌లో భాగం" అని ఎవరైనా మైకులో చెబితే, ఏ పద్దు కింద రాశారని అడగొచ్చు. ఒకసారి నేను అడిగాను. ఆ కుర్రాడు నవ్వి, టీషర్టు ఏ సైజు కావాలన్నాడు.

"ఈ ప్యాకెట్టు కొంటే ఒక రూపాయి" అంటారే, ఆ రూపాయి నిజంగా వెళ్తుందా?

చాలాసార్లు వెళ్తుంది. ఎంతవరకు వెళ్తుందన్నదే అసలు ప్రశ్న.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్. న్యూయార్కులో స్వేచ్ఛామూర్తి విగ్రహం మరమ్మతుల కోసం, కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు ఇస్తామంది. 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. కార్డు వాడకమూ బాగా పెరిగింది. ఈ ప్రచారం మీద పెట్టిన ఖర్చు ఇచ్చిన దానం కంటే ఎక్కువ. అప్పటి నుంచి ఈ లెక్క అందరికీ నచ్చేసింది.

చిన్న అక్షరాల్లో చూడాల్సినవి ఇవి. పైన హద్దు ఉందా? "గరిష్ఠంగా ఇంత" అని ఉంటే, ఆ మొత్తం మొదటి వారంలోనే నిండిపోయినా మిగతా మూడు వారాలూ ప్యాకెట్లు అదే బొమ్మతో అమ్ముడవుతూనే ఉంటాయి. ఎవరికి ఇస్తున్నారో పేరు ఉందా? "రోగుల సంక్షేమానికి" అంటే ఏ రోగులు? ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

ఇంకొకటి, ఆ రూపాయి మీరు ఇచ్చినట్టు కాదు, కంపెనీ ఇచ్చినట్టు. రసీదు కంపెనీ పేరు మీదే వస్తుంది. దానానికిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు మీకు రాదు. మీకు నిజంగా ఇవ్వాలని ఉంటే ఆ ప్యాకెట్టుకు పెట్టే డబ్బే నేరుగా పంపి మీ పేరున రసీదు తెచ్చుకోండి. బిస్కెట్లు తర్వాత కొనుక్కోవచ్చు.

రొమ్ము క్యాన్సర్‌కు గుర్తుగా పెట్టుకునే గులాబీ రిబ్బను మీద అంత గొడవ ఎందుకైంది? అది మంచి పనే కదా?

దీనికి కొంచెం ఎక్కువ చెబుతాను. మన దగ్గర రేపు జరగబోయేది అక్కడ నిన్ననే జరిగిపోయింది.

కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ ఉండేది. వాళ్లింట్లో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్. 1990ల మొదట్లో ఆవిడ ఇంట్లో కూర్చుని నారింజ ఛాయ రిబ్బన్లు చుట్టి, ఒక్కో కార్డుకి గుచ్చి, సూపర్ మార్కెట్ల దగ్గర పంచేది. కార్డు మీద ఉన్న సంగతి డబ్బు గురించే. ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో జబ్బు రాకుండా చూడడానికి పోయేది 5 శాతమే, కాబట్టి మన నాయకులను నిద్రలేపండి అని. 1992లో ఒక మహిళల పత్రిక, ఎస్టీ లాడర్ అనే సౌందర్య సాధనాల కంపెనీ కలిసి ఆ రిబ్బను తమకు ఇమ్మని అడిగాయి. వ్యాపారం చేసేస్తారని ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్లు లాయర్లను అడిగి రంగు మార్చేశారు. అలా వచ్చింది గులాబీ రంగు. ఆ ఏడాది ఎస్టీ లాడర్ కౌంటర్లలో 15 లక్షల రిబ్బన్లు పంచారు.

ఆవిడ కార్డు మీద ఒక డిమాండు ఉంది. గులాబీ రిబ్బను చేతికి వచ్చేసరికి అది పోయి, "మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి" అన్న సలహా మిగిలింది. నా దృష్టిలో మొత్తం చర్చంతా ఆ మార్పులోనే ఉంది.

తర్వాత ఏమేం జరిగాయో చూడండి. ఒక పెరుగు కంపెనీ గులాబీ మూతలు కడిగి పోస్టులో పంపితే మూతకు 10 సెంట్లు ఇస్తామంది. ఒక్క మూత పంపాలంటే స్టాంపుకే అంతకంటే ఎక్కువవుతుంది. 2010లో కేఎఫ్‌సీ గులాబీ బకెట్లలో వేయించిన కోడి అమ్మి, బకెట్టుకు 50 సెంట్ల చొప్పున 40 లక్షల డాలర్ల పైగా ఇచ్చింది. అయితే ఆ లెక్క కొన్నవాళ్లు తీసుకెళ్లిన బకెట్ల మీద కాదు, దుకాణాలు తెప్పించుకున్న ఖాళీ బకెట్ల మీద. మీరు రెండు బకెట్లు తిన్నా దానం ఒక్క సెంటు పెరగదు. 2014లో బేకర్ హ్యూస్ అనే చమురు యంత్రాల కంపెనీ భూమిని తవ్వే డ్రిల్ బిట్లు 1,000 దాకా గులాబీ రంగులో దింపింది.

అక్టోబరును రొమ్ము క్యాన్సర్ నెలగా 1985లో మొదలుపెట్టినప్పుడు వెనకాల ఉన్న ఐసీఐ కంపెనీ ఆ క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ మందు తయారుచేసేదే. దాంతో మందు చెడ్డదైపోదు. కానీ "త్వరగా పరీక్ష చేయించుకోండి, మందు వాడండి" అన్న మాట గట్టిగా వినిపించి, "అసలు ఎందుకొస్తోంది" అన్న ప్రశ్న చిన్నబోవడానికి కారణం అందులో ఉందని విమర్శకులు అన్నారు. బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే రోగుల సంస్థ 2002లో దీని మీదే ప్రచారం మొదలుపెట్టింది. గులాబీది కొనేముందు, డబ్బు ఎంత, ఎక్కడికి, ఆ సరుకే జబ్బు తెచ్చేది కాదా అని అడగమన్నారు.

మరి మేలు జరగలేదా అంటే జరిగింది. అంతకు ముందు ఆ జబ్బు పేరు పైకి చెప్పడానికే ఆడవాళ్లు సిగ్గుపడేవారు. మన శ్రీకాకుళంలో ఇప్పటికీ చెప్పరు. "రొమ్ములో గడ్డ" అనడానికి బదులు "ఇక్కడేదో ఉంది" అంటారు. ఆ మాట నోటికి రావడానికి గులాబీ రంగు పనికొస్తే రానీయండి. ఆ ఒక్క విషయంలో నాకు పేచీ లేదు.

అవగాహన పెంచడం ఎక్కడైనా మంచిదే కదా?

ఎక్కడ లేదో అక్కడ మంచిది. ఉద్దానంలో కాదు.

మా ఊళ్లో పదేళ్ల పిల్ల కూడా క్రియాటినిన్ అంటుంది, తప్పుగానైనా సరే. "క్రియేటిన్ ఎంతొచ్చింది?" అన్నది మా దగ్గర కుశలప్రశ్న. ఫలానా ఊరి సంబంధమంటే పెళ్లికి వెనకాడేవాళ్లు ఉన్నారు. ఇంతకంటే అవగాహన ఏం కావాలి? ప్రతి మార్చి నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినోత్సవం. ఆ వారం నా షాపు ముందు నుంచి ర్యాలీ వెళ్తుంది, బడి పిల్లల చేతుల్లో ప్లకార్డులు. ఆ ప్లకార్డులు ప్రింటు కొట్టేది నేనే, అబద్ధమెందుకు. "నీళ్లు బాగా తాగండి" అని ఉంటుంది. ఏ నీళ్లు అన్నది మాత్రం ప్లకార్డులో ఉండదు. పైగా ఒళ్లు వాచి డయాలసిస్ మీద ఉన్న మనిషికి నీళ్లు కొలత పెట్టుకుని తాగమని డాక్టరు చెబుతాడు. ఆ ప్లకార్డు ఆయన ఇంటి ముందు నుంచే పోతుంది.

లేనిది అవగాహన కాదు. వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద పడుకునేవాడికి ఆటో డబ్బులు లేవు. తోడు వెళ్లే భార్యకు ఆ రోజు జీడి బట్టీలో కూలి పోతుంది. డయాలసిస్ ఉచితమే, పింఛను నెలకు 10,000 వస్తోంది, కాదనను. దానిలోంచే ఆటో, మందులు, ఇంటి సరుకులు. డయాలసిస్ దాకా రాకుండా మధ్యలో ఉన్నవాళ్ల అవస్థ ఇంకో రకం. వాళ్లకు కావలసింది మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఒకే చోట రాసిపెట్టిన రికార్డు, కదిలిస్తే పలికే ఒక డాక్టరు. వీటికి బ్యానరు కట్టలేం.

అయితే మెడికల్ క్యాంపు పెడతామంటే వద్దనాలా?

వద్దనకండి. "రెండో క్యాంపు ఎప్పుడు?" అని అడగండి.

ఇది మొండితనం కాదు. కిడ్నీ పనితీరు మూడు నెలలకు పైగా తగ్గి ఉంటేనే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఎండలో నీరు తాగకుండా పనిచేసి నేరుగా క్యాంపుకి వచ్చినవాడికి ఆ రోజు అంకె కాస్త ఎక్కువ చూపించొచ్చు. ఇంకోవైపు, కిడ్నీలు దాదాపు సగం దెబ్బతినేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనబడొచ్చు. మూత్రంలో ప్రోటీన్ పట్టీ ఒక్కటే ముంచి చూసి "మీకేం లేదు" అని పంపేసే క్యాంపులు కూడా చూశాను. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు, ఆ పట్టీకి దొరకదు. కాబట్టి ఒక్కసారి వచ్చి వెళ్లే క్యాంపు కొందరిని ఊరికే భయపెడుతుంది, కొందరికి లేని ధైర్యం ఇస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ, పేరు అనవసరం, మా పక్క ఊళ్లో క్యాంపు పెట్టింది. షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, అన్నీ బాగున్నాయి. రక్తం తీశారు. వారంలో ఫోనుకి రిపోర్టు వస్తుందన్నారు. తెల్ల టీషర్టు ఇచ్చారు, ముందర చిక్కుడు గింజ ఆకారంలో కిడ్నీ బొమ్మ, కింద "ముందే తెలుసుకుందాం" అని. ఆరేడు నెలల తర్వాత ఒక అప్ప ఆధార్ కాపీల కోసం షాపుకొచ్చింది. జీడిపిక్కలు కొట్టే పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద ఆ టీషర్టు వేసుకుంది. జీడి రసం పడి ముందరి భాగమంతా నల్లగా మాడిపోయింది, "తెలుసుకుందాం" ఒక్కటే చదవడానికి వీలవుతోంది. రిపోర్టు వచ్చిందా అని అడిగాను.

"సొక్కా అయితే ఇచ్చినారు గానీ రిపోర్టేటీ ఇవ్వనేదు బాబూ" అంది. కోపమేమీ లేదు గొంతులో. టీషర్టు గట్టిదని మెచ్చుకుంది కూడా.

ఆ రక్తం ఏమైందో, ఆ అంకెలు ఎవరి దగ్గర ఉన్నాయో నేను కనుక్కోలేకపోయాను. బ్యానరు మీదున్న నంబరు ఈవెంట్లు చేసే వాళ్లది. వాళ్లు అప్పటికే వేరే జిల్లాలో వేరే జబ్బు మీద ఉన్నారు.

మరి నీళ్ల ప్లాంటు? అది నిలబడే సాయమే కదా?

నిలబడుతుంది, షెడ్డు.

ఆర్వో ప్లాంటు పెట్టడం పెళ్లి చేయడం లాంటిది, ఆ రోజు అందరూ ఉంటారు. తర్వాత మెంబ్రేన్ మార్చాలి, ఫిల్టర్లు మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, మోటారు కాలిపోతే చుట్టించాలి. నాకు తెలిసిన ఒక ఊళ్లో గుడి పక్కన అలాంటి షెడ్డు ఉంది. నల్ల గ్రానైటు పలక మీద బంగారు రంగు అక్షరాలు ఇప్పటికీ మెరుస్తున్నాయి. కుళాయికి గుడ్డ చుట్టి ఉంది. లోపల ఎవరో ఎండుగడ్డి పెట్టుకున్నారు. పంచాయతీని అడిగితే కంపెనీది అంటారు, కంపెనీని అడిగితే పంచాయతీకి అప్పజెప్పామంటారు.

దీనికి చట్టంలో జవాబుంది. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. రిజిస్టరైన ట్రస్టు లాంటి సంస్థ పేర గానీ, లబ్ధిదారుల సంఘం పేర గానీ, ప్రభుత్వ సంస్థ పేర గానీ ఉండాలి. ఎవరి పేర ఉందో కాగితం అడగండి. ప్రారంభోత్సవానికి ముందే అడగండి, తర్వాత అడిగితే ఎండుగడ్డే సమాధానం చెబుతుంది.

హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడు మండలాలకు నదీజలాలు తెచ్చే సుమారు 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అదే రోజు, అంటే 14న, పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. నీళ్లు పైపులో రావాలి. ఎన్ని షెడ్లు కట్టినా ఆ పైపుకి సాటి రావు.

ఐస్ బకెట్ చాలెంజ్ కూడా ఒక రోజు తమాషానే కదా? దానివల్ల ఏమైనా ఒరిగిందా?

ఒరిగింది. నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఇది, కాబట్టి దాచను. 2014 వేసవిలో నెత్తిన ఐసు నీళ్లు పోసుకున్న ఆ ఆట వల్ల అమెరికాలో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో నడిచిన పరిశోధనలో 2016లో ఎన్ఈకే1 అనే జన్యువుకు ఆ జబ్బుతో సంబంధం ఉందని తేలింది. తేడా ఎక్కడుందంటే, డబ్బు ఎవరికి వెళ్తుందో ముందే తెలుసు, ఎంత వచ్చిందో బయటికి చెప్పారు, దేనికి వాడారో చూపించారు. మధ్యలో అమ్ముడైన సరుకు లేదు.

అదే ఆగస్టులో హైదరాబాద్‌లో మంజులత కళానిధి అనే జర్నలిస్టు దాన్ని రైస్ బకెట్‌గా మార్చారు. ఒక బకెట్టు బియ్యం ఆకలితో ఉన్నవాళ్లకు ఇచ్చి ఫొటో పెట్టడం. నీళ్లు పారబోయడం మనవాళ్లకు మనసొప్పదు మరి.

రోగి ఫొటో తీసుకుంటామంటారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోకపోయినా సాయం ఆగకూడదు. ఆగితే అది సాయం కాదు, కొనుగోలు.

దాన ప్రకటనల మీద దేశంలోని ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. బాధితులను, ముఖ్యంగా పిల్లలను, గౌరవం పోయేలా దయనీయంగా చూపకూడదని అందులో ఉంది. మా దగ్గర గౌరవంతో పాటు ఇంకో చిక్కు కూడా ఉంది. తండ్రి ఫొటో పేపర్లో వస్తే కూతురి సంబంధం చెడిపోయే ఊళ్లు ఇవి. చెక్కు పెద్ద అట్ట మీద రాసి, డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా మీద కట్టు ఉన్న చేతితో పట్టించి ఫొటో తీశారొకసారి. చెక్కు ఐదు వేలు. అట్ట ప్రింటింగుకు ఎంతైందో నాకు తెలుసు, బిల్లు నేనే రాశాను. ఆ అంకె ఇక్కడ రాస్తే నాకే సిగ్గు.

సినిమావాళ్లు, పార్టీలవాళ్లు వచ్చినా ఇదే మాట అంటారా?

కొంత తేడా ఉంది. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడాక రాష్ట్రమంతా ఉద్దానం పేరు విన్నది. ఆ తర్వాత ప్రభుత్వాలు కదిలాయి, ఎవరి వంతు ఎంతన్నది మా షాపు బెంచీ మీద రోజూ తేలని పంచాయితీ. పార్టీవాళ్లను ఓటుతో అడగొచ్చు. కంపెనీని దేనితో అడుగుతాం? అందుకే ఈ పేజీ కంపెనీలకే పరిమితం.

ప్రభుత్వం చేయాల్సింది కంపెనీ చేస్తే నష్టమేంటి?

డబ్బుకి నష్టం లేదు, కాలానికి ఉంది. సీఎస్ఆర్ నిబంధనల్లో "కొనసాగుతున్న ప్రాజెక్టు" అంటే మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లకు మించనిది. కావాలంటే కొత్తగా ఇంకోటి మొదలుపెట్టుకోవచ్చు, కానీ పెట్టి తీరాలని లేదు. డయాలసిస్ మాత్రం కిడ్నీ మార్పిడి జరిగేదాకా, లేదా మనిషి పోయేదాకా. లాభం తగ్గితే 2 శాతమూ తగ్గుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు మా ఆదాయం పోయింది గానీ జబ్బు పోలేదు.

అందుకని జీతాలు, మిషన్లు, మందులు ప్రభుత్వ పద్దులోనే ఉండాలన్నది నా అభిప్రాయం. కంపెనీ డబ్బు ఒకసారి పెడితే పనికొచ్చే వాటికి పెట్టాలి. రోగులను తెచ్చి దింపే వ్యాను, ల్యాబులో ఒక యంత్రం, డయాలసిస్ హాల్లో తోడు వచ్చినవాళ్లు కూర్చోడానికి ఫ్యాన్లున్న గది. ఆ గది ఎవరూ అడగరు. తోడు వచ్చినవాళ్లు నాలుగు గంటలు చెట్టు కింద కూర్చుంటారు.

ఇన్ని ప్రశ్నలు వేస్తే వచ్చే సాయం కూడా పోతుంది కదా?

మా బావ రోజూ అనే మాట ఇది. "దానమిచ్చే ఆవు పళ్లు లెక్కపెడతావేంట్రా" అంటాడు. కోపంగా కాదు, భయంతో అంటాడు. ఆయన తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నాడు.

ఆయన భయం అబద్ధం కాదు. ఒక ఊరివాళ్లు కాగితాలు అడిగారని క్యాంపు పక్క ఊరికి మారిపోవడం చూశాను. ఆ ఊరివాళ్లు మా కుర్రాళ్లను తిట్టారు. అయినా నేను అడగమనే అంటాను. నిజంగా ఖర్చు పెట్టాల్సిన కంపెనీకి ఆ డబ్బు మిగుల్చుకునే దారి లేదు. 2021 నుంచి, ఖర్చు కాని సొమ్మును ఏడాది ముగిశాక ఆరు నెలల్లో చట్టం చెప్పిన నిధికి జమ చేయాలి. కొనసాగే ప్రాజెక్టుదైతే 30 రోజుల్లో విడిగా బ్యాంకు ఖాతాలో వేయాలి. అంటే మీరు అడిగారని వాళ్ల జేబులోకి తిరిగిపోయేదేమీ లేదు. మీ ఊరికి రాకపోవచ్చు. ఆ రిస్కు ఉంది, లేదని చెప్పను.

లెక్కలు ఎక్కడ చూడాలి?

మంత్రిత్వ శాఖ నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీ పేరుతోనూ, రాష్ట్రం, జిల్లా వారీగానూ చూడొచ్చు. కంపెనీ తన వెబ్‌సైటులో సీఎస్ఆర్ విధానాన్ని, ఒప్పుకున్న ప్రాజెక్టులను పెట్టాలి. నిర్వహణ ఖర్చులు మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదు. మధ్యలో పనిచేసే సంస్థకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి. ప్రైవేటు కంపెనీకి సమాచార హక్కు చట్టం వర్తించదు. కానీ ప్లాంటును తీసుకున్న పంచాయతీకి, యంత్రాన్ని తీసుకున్న ప్రభుత్వాసుపత్రికి వర్తిస్తుంది. అర్జీ అటువైపు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి.

మీరు టైపు చేసే ఉత్తరంలో ఏం రాస్తారు?

"గౌరవనీయులైన" తర్వాత పొగడ్తలు రెండు లైన్లకు మించనీయను. ఊరు పేరు, జనాభా, డయాలసిస్ మీద ఉన్నవాళ్ల సంఖ్య, పేర్లు మాత్రం వేయను. తర్వాత ఒకే ఒక్క కోరిక. పది కోరికలు రాస్తే టీషర్టు వస్తుంది. "వారానికి ఆరు రోజులు, ఫలానా రూట్లో, ఇరవై నాలుగు నెలలు, వ్యాను" అని రాస్తే లేదంటారు, లేదా వ్యాను వస్తుంది. ఇప్పటిదాకా పదకొండు ఉత్తరాలకు రెండు జవాబులొచ్చాయి. ఒకటి "పరిశీలిస్తాం". రెండోది నడుస్తోంది, పద్నాలుగో నెల. డ్రైవరు మా ఊరివాడే. వ్యాను మీద కంపెనీ పేరు పెద్దగానే ఉంది, ఉండనివ్వండి, దానికి నాకేం బాధ లేదు.

మీ షాపులో డయాలసిస్ కాగితాలకు జిరాక్సు ఉచితమా?

ఒకప్పుడు ఉచితమే. మా అబ్బాయి ముచ్చటపడి "కిడ్నీ రోగులకు జిరాక్సు ఉచితం" అని బోర్డు రాసి గుమ్మానికి తగిలించాడు. నెల తిరిగేసరికి డయాలసిస్ కాగితాలు రావడం తగ్గిపోయింది. ఒక పెద్దాయన రెండు వీధుల అవతల షాపు నుంచి కాపీలు పట్టుకుని వెళ్తూ కనబడితే, అదేంటి మావయ్యా అని అడిగాను. "నీ బోర్డు కింద నిలబడితే అందరికీ తెలిసిపోద్ది కదరా" అన్నాడు.

బోర్డు తీసేశాను. ఇప్పుడు కాగితం చూసి, కాపీకి రెండు రూపాయల చోట రూపాయి తీసుకుంటాను, చిల్లర లేదని చెప్పి. బోర్డు వెనకవైపు మా అబ్బాయి "కరెంటు లేదు" అని రాశాడు. రోజుకు రెండుసార్లయినా పనికొస్తోంది.